పూడ్చిన చేత్తోనే

ఫోన్ మోగేటప్పటికి నేను మోకాలి లోతు నీళ్లలో ఉన్నాను. రెండు చేతులూ బురద. ఒకసారి మోగి ఆగిపోయింది, మళ్లీ మోగింది. చెయ్యి చున్నీకి తుడుచుకుని తీశాను.

"మేడం, మీ కుంట తవ్విన పొక్లెయిన్ డ్రైవరన్న నిన్న పొద్దున పోయాడు. గుండెపోటు. నేను ఆయనతో పాటు మిషన్ల మీద పనిచేసేవాణ్ని. ఆయన ఫోన్లో 'కుంట మేడం' అని మీ నంబరుంటే, చెబితే బాగుంటదనిపించింది."

ఫోన్ పెట్టేశాక కూడా నీళ్లలోంచి బయటికి రాబుద్ధి కాలేదు. ఆయనతో నాకు పనిపడింది ఏడంటే ఏడు రోజులు. ఆ తర్వాత ఓ పది పన్నెండుసార్లు వచ్చిపోయుంటాడు. చుట్టం కాదు, పక్కం కాదు. అయినా నేనీ రోజు ఇక్కడ నిలబడి ఉన్నానంటే, నిలబడటానికంటూ ఈ కుంట ఉందంటే, అది ఆయన చలవే.

ఈ కుంట సంగతి ముందు చెప్పాలి. వినుకొండ నుంచి ఈపూరు వైపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఒక పాత కుంట దారికి అడ్డమొచ్చింది. దాన్ని పూడ్చేశారు. దానికి బదులు ఇంకోచోట అలాంటి కుంటే కట్టాలి, మొక్కలు నాటాలి, పాత కుంటలో బతికిన పిట్టలూ కప్పలూ మళ్లీ ఇక్కడ బతకాలి అని షరతు పెట్టారు. అట్లా పుట్టింది ఇది. ఊళ్లో అందరూ 'బదులు కుంట' అంటారు. నేను బోటనీలో ఎమ్మెస్సీ చేసి, నరసరావుపేటలో రెండేళ్లు ట్యూషన్లు చెప్పుకుని, చివరికి ఈ ఉద్యోగంలో చేరాను. నా పని మొక్కలు నాటించడం, నెలనెలా వాటి బాగోగులు రాయడం. పైపుముక్కలతో చేసిన మీటరు చదరం ఒకటి ఉంటుంది. దాన్ని అక్కడొకచోట ఇక్కడొకచోట వేసి, ఆ నాలుగు గీతల మధ్య ఏ మొక్కలెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవాలి. డ్రైవరన్న దాన్ని 'కిటికీ' అనేవాడు. "కిటికీ పట్టుకొచ్చావా ఇయ్యాల?" అని అడిగేవాడు, నేనేదో దాంట్లోంచి లోపలి లోకానికి తొంగిచూస్తున్నట్టు.

మొదటేడు వానలకి ఊరి ఆడవాళ్లను పెట్టి తుంగా, జమ్మూ నాటించాను. వరి నాటినంత ముచ్చటగా వరసల్లో నాటారు. కలువ దుంపలు పాతారు. నేను ఫొటోలు తీసుకుని మురిసిపోయాను. శివరాత్రికి సగం పోయాయి. ఉగాదికి మొత్తం పోయాయి. వానాకాలంలో మునిగి కుళ్లిందొకటి, ఎండాకాలం ఎండి చచ్చిందొకటి. రిజిస్టరులో ప్రతి చదరం ఎదురుగా సున్నాలు వేసుకుంటూ పోయిన ఆ నెల, ఇంటికెళ్లి అన్నం తినబుద్ధి కాలేదు.

కుంట పని చూసే ఇంజినీరు గారు పిలిచి చెప్పారు. "చూడమ్మా, వచ్చే తనిఖీకి ఇక్కడ పచ్చగా ఏమీ కనబడకపోతే ఈ స్కీమే ఎత్తేస్తారు. ఈ జాగా కంకర యార్డుకిమ్మని ఇప్పటికే అడుగుతున్నారు. కట్టలు జారినచోట సరిచేయించడానికి మిషను పంపిస్తున్నా. ఆ తర్వాత నీ ఇష్టం, నీ మొక్కల ఇష్టం."

రోహిణి కార్తెలో వచ్చింది ఆ మిషను. లారీ మీంచి పొక్లెయిన్ దిగింది. దాని వెనకే మోపెడ్ మీద ఆయన దిగాడు. పొడుగ్గా, సన్నగా, మెడలో తడి తువ్వాలు, యాభై దాటిన మనిషి. చెప్పులు విడిచి గొలుసు చక్రం పక్కన జతగా పెట్టి, ఉత్త కాళ్లతో ఎక్కి కూర్చున్నాడు. ఆ ఎండలో ఆ ఇనుము మీద ఎట్లా కాలు పెట్టాడో. అడిగితే, "చెప్పులేసుకుంటే కింద నేల ఎట్టుందో కాళ్లకి తెలవదు మేడం," అన్నాడు. నాలుగు నిమిషాలు కూర్చుని, మిషను ఆపి, మళ్లీ దిగాడు. నెర్రెలిచ్చిన అడుగు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. అక్కడక్కడ మడమతో పొడిచి చూశాడు. గంట పట్టింది. తిరిగొచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవరు తవ్వారు మేడం దీన్ని?"

"అంతకుముందు కాంట్రాక్టరు మనుషులు."

"ఇది కుంట కాదు. గేదెల తొట్టి."

నాకు కోపమొచ్చింది. డ్రాయింగ్ ప్రకారమే తవ్వారని చెప్పాను.

"కుంటకి అడుగు సమంగా ఉంటదా ఎక్కడన్నా? ఓ పక్కన చీలమండ లోతు, ఓ పక్కన నడుం లోతు, ఓ మూల మడుగు. ఎండలు ముదిరితే నీళ్లు ఆ మడుగులోకి దిగుతయ్. చేపపిల్లా, కప్పా, నత్తా అన్నీ దాంట్లో తలదాచుకుంటయ్. ఇక్కడ నీళ్లుంటే అంతటా ఉంటయ్, పోతే అంతటా పోతయ్. ఏం బతుకుతది? పాత కుంటలో తూర్పు పక్కనుండేది మడుగు."

"పాత కుంట అడుగు మీకెట్లా తెలుసు?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయిపోయాక కూడా తువ్వాలు తియ్యలేదు.

"దాన్ని పూడ్చింది నేనే," అన్నాడు.

పదకొండు గంటలకల్లా అన్నం తినేసేవాడు. మిషను నీడలో కూర్చుని, అన్నంలో పచ్చిమిరపకాయల కారం కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ. ఆ రోజు నేనూ నా డబ్బా పట్టుకుని ఆ నీడలోకే వెళ్లాను. అడక్కుండానే చెప్పాడు.

"నీళ్లు తోడేశాక అడుగంతా బయటపడింది. మా తాతల కాలం నుంచి ఎవురూ చూడని అడుగు. చానా అందంగా ఉంది మేడం, నమ్ముతావా? మెట్లు మెట్లుగా, అరచెయ్యిలో గీతల్లాగా కాలవలు. తుంగ మొదట్లో బుడబుంగ పిట్టల గూళ్లుండయ్. నీళ్ల మీద తేలే గూళ్లు గదా, నీళ్లు పోయేసరికి బురదలో కూలబడినయ్. ఒకదాంట్లో గుడ్లున్నయ్. మా సూపర్‌వైజర్ని అడిగా, ఆ మూల ఓ పదిరోజులు వదిలేద్దామని. టైం లేదన్నాడు. ఆయన్నేమీ అనను. మిషను లీవర్ మీద చెయ్యి నాది."

"ఆపెయ్యొచ్చుగా అన్నా?" అన్నాను. అప్పుడు నాకు ఆ మాట చానా తేలిగ్గా వచ్చింది.

"నేను దిగితే ఇంకొకడు ఎక్కుతాడు అనుకున్నా. అది నిజమే. అయినా చెయ్యి నాదే గదా." ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. "అడుగునుండే ఒండ్రు రోడ్డుకి పనికిరాదు, మెత్తన. ముందు దాన్ని గీకి టిప్పర్లకెత్తా. రైతులు పొలాలకి తోలించుకున్నారు. అందరూ చల్లుకున్నారు గానీ, ఒక పెద్దమ్మ చేలో దిబ్బ ఇంకా అట్టానే ఉంది."

నా చేతిలో డబ్బా అట్లాగే ఉండిపోయింది. కుంట బురదలో విత్తనాలు ఏళ్ల తరబడి నిద్రపోతాయని, తడి తగిలితే లేస్తాయని నేను చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ బురద మూడు మైళ్ల దూరంలో కుప్పపోసి ఉందని మాత్రం నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

అప్పటికప్పుడు మోపెడ్ వెనక కూర్చుని వెళ్లాను. ఆ పెద్దమ్మ మిరప చేను గట్టు మీద మంచమేసుకుని కూర్చుని ఉంది.

"ఎవర్రా?"

"నేనే పెద్దమ్మా, మట్టి తోలినోణ్ని."

"తోలి పొయ్యావు, సర్దేదెవరు? ఆ దిబ్బ మీద తుమ్మచెట్లు మొలిచి కూచున్నయ్."

"అందుకే వచ్చా. ఆ మట్టి మళ్లీ ఇచ్చెయ్."

"ఇచ్చింది ఎనక్కి అడుగుతార్రా ఎవురన్నా? ఏంది, దాంట్లో బంగారం ఏమన్నా బయటపడిందా?"

"ఏమో, ఈ అమ్మాయి ఉందంటంది."

పెద్దమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఏమే, నిజమా?"

దాంట్లో పాత కుంట మొక్కల విత్తనాలుంటాయని, కొత్త కుంటలో చల్లితే మొలవొచ్చని చెప్పాను. మొలుస్తాయని మాత్రం ఒట్టు పెట్టలేనన్నాను.

"విత్తనానికి అడ్డం చెప్పగూడదు. తీసకపోండి. అయితే నా చేలోకి బండి దిగే దారి వానకి కోసుకుపోయింది. అది సరిచేసి మరీ పో."

ఆ దారి ఆయన పని గంటలు అయిపోయాక, పొద్దు గుంకే లోపల సరిచేసి ఇచ్చాడు. రాళ్లు కూడా ఏరి పక్కన పెట్టాడు. అడిగింది అంత కాదు గదా అంటే, "ఒకసారి సగం పని చేసి పోయా ఇక్కడ," అన్నాడు.

మిషను నడిపేటప్పుడు దాంతో మాట్లాడేవాడు. ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు, "ఏమే, మెల్లగా... ఆ, అట్టా... తొందరెందుకే నీకు?" అంత పెద్ద ఇనపచెయ్యి పసిపిల్ల తల నిమిరినట్టు నేలని నిమిరేది. తూర్పు మూల మడుగు తీశాడు. దాని చుట్టూ మెట్లు దించాడు. నేను ఎక్కడ ఎంత లోతుంటే ఏ మొక్క బతుకుతుందో చెబుతుంటే, ఆయన నా మాటా విన్నాడు, తన కంట్లో మిగిలిన పాత అడుగునీ చూసుకున్నాడు. రెండూ కలవనిచోట మిషను ఆపి, దిగివచ్చి, పుల్లతో నేల మీద గీసి నాతో వాదించేవాడు. నా చదువుకి ఎవరైనా అంత మర్యాద ఇవ్వడం అదే మొదలు.

మూడో రోజు ఇంజినీరు గారొచ్చారు. కట్ట మీద నిలబడి చూసి, మొహం ఎర్రచేశారు.

"ఏందయ్యా ఇది? కట్టలు సరిచెయ్యమంటే అడుగంతా గుంటలు తవ్వావు? డ్రాయింగులో ఉందా ఇది?"

"డ్రాయింగు గీసినాయన ఏ కుంటలోనన్నా దిగాడా సార్?"

"మాటలొద్దు. మిషను ఆపు. రేపు పైవాళ్లడిగితే జవాబు చెప్పాల్సింది నేను. ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

డ్రైవరన్న నోరు తెరిచాడు. 'నేనే చేశా' అంటాడని నాకు తెలుసు. ఆ మాటంటే మర్నాడు ఇంకో డ్రైవరొస్తాడు, అడుగు మళ్లీ చదునవుతుంది. ఈయనకి ఈ చుట్టుపక్కల పని దొరకదు.

"నేను చెప్పాను సార్," అన్నాను.

"నువ్వా? రాసిస్తావా?"

"రాసిస్తాను."

బల్ల లేదు, కుర్చీ లేదు. పొక్లెయిన్ గొలుసు మీద కాగితం పెట్టుకుని రాశాను. ఇనుము కాలిపోతోంది. అడుగు మార్చమని చెప్పింది నేనేనని, మంచైనా చెడైనా బాధ్యత నాదేనని రాసి సంతకం పెట్టాను. ఇంజినీరు గారు అది చదివి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆయన చెడ్డమనిషి కాదు, భయస్తుడు. ఆ రోజు దాకా నేనూ అంతే.

కారు దుమ్ము అణిగాక డ్రైవరన్న నావైపు చూశాడు. "పెన్ను గట్టిగానే పట్టుకున్నావు అమ్మాయ్," అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ నోటితో నన్ను మేడం అనలేదు, ఫోన్లో రాసుకున్న పేరు మాత్రం మార్చినట్టు లేదు.

మిగతా నాలుగు రోజులూ ఒండ్రు తోలడం, పరచడం. ఎక్కువ మందం వేస్తే లోపలి గింజలు లేవలేవు అని చెప్పాను. "దోసె పోసినట్టు పోస్తాలే," అన్నాడు. పోశాడు. చివరి రోజు సాయంత్రం కట్ట మీద కూర్చుని టీ తాగుతూ, ఒకసారి పెళ్లాం బిడ్డలతో ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి పోయిన సంగతి చెప్పాడు. "పై నుంచి పడేటప్పుడు నీళ్లని అందరూ చూస్తారమ్మాయ్. ఫొటోలు దిగుతారు. కిందకొచ్చి ఓ చోట కుదురుగా నిలబడ్డాక ఎవురూ చూడరు. బతికేదంతా అక్కడే గదా."

వానలు ఆలస్యంగా పడ్డాయి. నీళ్లు చేరి పదిరోజులైంది, పన్నెండయింది, ఏమీ లేదు. నల్లటి బురద, పైన నల్లటి నీళ్లు. రాసిచ్చిన కాగితం గుర్తొచ్చినప్పుడల్లా మళ్లీ ఒకసారి కుంట చుట్టూ తిరిగొచ్చేదాన్ని. పదిహేనో రోజో పదహారో రోజో, ఒడ్డు పక్క మెట్టు మీద నా చదరం వేసి వంగి చూస్తే, సూదుల్లాంటి పచ్చటి మొలకలు. ముందు గడ్డేమో అనుకున్నాను. వేళ్లతో తడిమాను. కాడ మూడు పలకలుగా తగిలింది. తుంగ. ఇంకో నాలుగు రోజులకి నీరుగొబ్బి. ఆ తర్వాత మడుగు పక్కన రూపాయి బిళ్లంత కలువాకు, ఎర్రగా.

ఫోన్ చేస్తే ఆదివారం పొద్దున్నే వచ్చాడు. ఒడ్డున గొంతుక్కూర్చుని చూశాడు.

"నువ్వు నాటలా?"

"లేదన్నా."

"మీ ఆడోళ్లు?"

"ఎవరూ నాటలేదు. ఆ మట్టిలోంచే వచ్చాయి."

"ఎవురూ నాటలా," అని తనలో తనే ఇంకోసారి అనుకుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను రిజిస్టరు చూసుకుంటున్నట్టు పక్కకి తిరిగాను.

తనిఖీవాళ్లొచ్చారు, చూశారు, సంతోషపడ్డారు. ఇంజినీరు గారు ఆ మడుగు ఎందుకు, ఆ మెట్లెందుకు అని వాళ్లకి అరగంట పాఠం చెప్పారు, అదంతా తనకి ముందే తోచినట్టు. ఫోన్లో ఈ సంగతి చెబితే డ్రైవరన్న దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఆయనకి అర్థమయిందిగా, ఇంకెక్కడన్నా తవ్విస్తే బాగా తవ్విస్తాడులే."

ఆ ఏడు రిపోర్టులో ఆయన పేరు రాయాలని నాకు గట్టిగా ఉండేది. ఇంటిపేరుతో సహా చెప్పమని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మాయ్. పూడ్చినోడి పేరు కూడా అదే."

ఎంత బతిమాలినా వినలేదు. అందుకే ఇక్కడా రాయడం లేదు.

ఆ తర్వాత ఎక్కడ పనిమీదున్నా, తీరిక దొరికితే సాయంత్రం పూట వచ్చేవాడు. దూరంగానే మోపెడ్ ఆపేసి, తోసుకుంటూ వచ్చేవాడు. కట్ట మీద కూర్చుని కళ్లు మూసుకునేవాడు. "నువ్వు లెక్కెయ్యి, నేను ఇంటా," అనేవాడు. కప్పల అరుపులు వినడం ఆయన పద్ధతి. ఒకసారి, "ఉత్తరం పక్క గొంతులు తగ్గినయ్, ఏందో చూడు," అన్నాడు. వెళ్లి చూస్తే ఎవరో చేలో మందు కొట్టిన పంపు తెచ్చి అక్కడ కడుగుతున్నారు. మందు వాసన ఇంకా నీళ్ల మీదే ఉంది. నా చదరంలో అది తెలియడానికి ఇంకో నెల పట్టేది. ఇప్పుడు నెలవారీ రిజిస్టరులో కప్పల గొంతులకి కూడా ఒక గడి పెట్టాను. కొత్తగా చేరినవాళ్లకి ముందు పది నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చోమని చెబుతాను. వాళ్లు నవ్వుతారు, తర్వాత నేర్చుకుంటారు.

మరుసటేడు వానాకాలం చివర బుడబుంగలు జంటగా వచ్చాయి. తుంగ దుబ్బుల మధ్య తేలే గూడు కట్టాయి. నేను ఫోన్లో అరిచినంత పని చేశాను. ఆయన వచ్చాడు గానీ, కట్ట దిగలేదు. పడమటి చివర దూరంగా నిలబడి చూస్తున్నాడు.

"ఇటు రా అన్నా, ఇక్కణ్నించి గుడ్లు కూడా కనబడుతున్నాయి."

"వద్దులే, బెదురుతయ్."

"నువ్వెవరో వాటికేం తెలుసు?"

"నాకు తెలుసుగా," అన్నాడు.

అక్కడే నిలబడి చీకటి పడేదాకా చూసి వెళ్లాడు. పిల్లలయ్యాయి, మూడు. తల్లి వీపు మీద ఎక్కించుకుని తిరిగేది. ఆ ఫొటో పంపితే తిరుగు జవాబు ఏమీ రాలేదు. తర్వాత తెలిసింది, ఫోన్ తెరిస్తే చాలు అదే కనబడేలా పెట్టుకున్నాడని.

పెద్దకర్మ రోజు వాళ్ల ఊరు వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ఆయన భార్య నన్ను చూడగానే, "కుంట దగ్గర అమ్మాయివా?" అంది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎన్ని ఊళ్లలో ఎన్ని రోడ్లు తవ్వాడో. ఒక్క రోడ్డు చూపిస్తానని మమ్మల్ని తీసకపోయింది లేదు. ఈ కుంట మాత్రం చూపిస్తా, చూపిస్తా అనేవాడు. నాకే తీరికయ్యేది కాదు, మిరపకాయల కోతలని, అదని ఇదని."

"నేను చూపిస్తాను వదినా," అన్నాను.

వారం తర్వాత కూతుర్ని వెంటబెట్టుకుని ఆటోలో వచ్చింది. నేను కుంట చుట్టూ తిప్పి అన్నీ చూపించాను. ఎక్కడేం తవ్వాడో, ఎవరితో ఏమన్నాడో చెబుతుంటే, కూతురు ఏడ్చింది గానీ ఆమె ఏడవలేదు. కొత్తగా పెళ్లయి అత్తారిల్లు చూసుకుంటున్నట్టు ప్రతిదీ పరీక్షగా చూసింది. దక్షిణం ఒడ్డుకొచ్చాక ఆగి, వంగి, ఒక ఆకు తుంచి వాసన చూసింది.

"ఇది పొన్నగంటాకు గదా?"

"అవును వదినా."

"కోసుకోవచ్చా?"

కుంటలో ఆకు కూడా ముట్టుకోరాదని బోర్డు రాయించింది నేనే. అది ఆమె వెనకాలే ఉంది.

"కోసుకో," అన్నాను.

చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని నీళ్ల అంచున దిగింది. లేత చివుళ్లు మాత్రమే గిల్లింది, మళ్లీ చిగురేసేటట్టు. కొంగు నిండాక ఒడ్డుకొచ్చి, ఉన్నదాన్ని రెండు వాటాలు చేసింది. ఒకటి నా చేతిలో పెట్టింది.

"పెసరపప్పులో వెయ్యి. బాగుంటది," అంది.

ఆ సాయంత్రమే వండాను. మా నాన్నకీ నాకూ వడ్డించాను. అన్నం ముందు ప్రార్థన మా ఇంట్లో నా చిన్నప్పటి నుంచీ ఉన్నదే. నాన్న ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలూ చెప్పి, ఆమెన్ అని, తినడం మొదలుపెట్టి, సగం అన్నం అయ్యాక తలెత్తి చూశాడు. నేనింకా కళ్లు తెరవలేదు.